నడుముకు కట్టిన ధైర్యం

నేను ఒక రివాల్వర్‌ని. ఆరు గుళ్లు పట్టే చిన్నరకం. బరువు ముప్పాతిక కిలో ఉంటాను, అంటే ఒక మోస్తరు సొరకాయంత. సొరకాయకు లైసెన్సు అక్కర్లేదు, నాకు కావాలి. మా ఇద్దరికీ అంతకుమించి తేడా లేదనుకునే మనిషి దగ్గర చాలా ఏళ్లున్నాను.

పుట్టింది ఉత్తరాదిన, ఒక ప్రభుత్వ కర్మాగారంలో. ఉక్కు కడ్డీని తొలిచి, సానబట్టి, నల్లరంగు పట్టించి, ఇసుకగుట్టలోకి కాల్చి చూసి, పనికొస్తానని ముద్ర వేశారు. అక్కణ్నుంచి దుకాణం అద్దాల బీరువాలోకి, బీరువాలోంచి ఒంగోలులో గ్రానైట్ పాలిషింగ్ మిల్లు నడిపే మాలకొండయ్య నడుముకు చేరాను.

ఆయన నన్ను కోరుకోవడానికి కారణం ఉంది. క్వారీ దారి తగాదాలో ఒకాయన కారుకు అడ్డంపడి, నీ సంగతి చూస్తానన్నాడట. మాలకొండయ్య వెంటనే ప్రాణభయం ఉందని అర్జీ పెట్టుకున్నాడు. లైసెన్సు రావడానికి ఏడాదికి పైగా పట్టింది. ఈలోపు ఆ పెద్దమనిషితో రాజీ అయిపోయింది, ఆయనే మాలకొండయ్య గృహప్రవేశానికి వచ్చి రెండుసార్లు పులిహోర వడ్డించుకుని వెళ్లాడు. శత్రువు పోయాడు, లైసెన్సు వచ్చింది. అంత తిరిగి తెచ్చుకున్నదాన్ని వదులుకోవడం ఎవరి తరం? కాబట్టి ఆయన కొత్త శత్రువుల కోసం చూడటం మొదలుపెట్టాడు.

నేను నడుముకు ఎక్కాక ఆయనకు ధైర్యం వచ్చిందని ఊరంతా అనుకుంది. లోపలి సంగతి నాకు తెలుసు. వెనకాల మోటార్ సైకిల్ వస్తే అద్దంలో చూసేవాడు. పెళ్లిళ్లలో గోడకు ఆనుకునే కుర్చీ వెతికేవాడు, కింద బంతిలో కూర్చుంటే నేను పక్కటెముకల్లో గుచ్చుకునేదాన్ని. వియ్యంకులు కౌగిలించుకోబోతే ఒక అడుగు వెనక్కి వేసేవాడు. ఒకసారి సినిమాహాలు దగ్గర కారు పార్కింగ్ కోసం మాటామాటా పెరిగింది. పూర్వమైతే పోనీలెమ్మని కారు వెనక్కి తీసేవాడు. ఆ రోజు చొక్కా అంచు కొంచెం ఎత్తాడు. అవతలివాడు నన్ను చూసి నోరు మూసుకున్నాడు. మాలకొండయ్య ఆ పూటంతా ఈల వేశాడు. తర్వాత నెలరోజులూ వాడు మనుషుల్ని వెంటేసుకుని వస్తాడేమోనని వీధి గేటుకు రెండు తాళాలు వేశాడు.

ఏటా దసరాకు ఆయుధపూజ రోజున నన్ను గ్రైండరు, వాషింగ్ మెషీన్, కారు తాళాలతో కలిపి కూర్చోబెట్టేవాళ్లు. మాలకొండయ్య భార్య సుభాషిణి అందరికీ సమానంగా బొట్లు పెట్టేది. పూజకు ముందు గుళ్లు తీసి పక్కన పెట్టడం ఆయన అలవాటు. ఆ ఏడు పండక్కి వచ్చిన ఆయన అక్క కోటేశ్వరమ్మ అది చూసింది.

"పూజలో వట్టిది పెడతార్రా ఎవురన్నా? బియ్యం డబ్బా ఖాళీ చేసి బొట్టు పెడతామా? దాన్లో ఉండాల్సినయ్యి దాన్లో ఉంచు," అంది.

మాలకొండయ్యకు అది నిజమే అనిపించింది. అక్క మాట మీద ఆరూ నింపి పీట మీద పెట్టాడు. సుభాషిణి నాకు గంధం రాసి, బంతిపువ్వు గుచ్చిన పసుపుతాడు కట్టింది. ఎక్కడ కట్టాలి? పాపం, నా ఒంట్లో తాడు దూరే సందు మీట దగ్గర, అదే ట్రిగ్గర్ అంటారు, అక్కడే ఉంది.

పూజ అయ్యాక ఆయన మిల్లులో కొబ్బరికాయ కొట్టాలన్న హడావిడిలో నన్ను చేతిలోకి తీసుకుని తాడు ఊడదీయబోయాడు. ముడి బిగుసుకుంది. గట్టిగా లాగాడు. నేను నాకు చేతనైన ఒకే ఒక్క పని చేశాను.

ఎదురుగా హారతి పళ్లెంతో సుభాషిణి నిలబడి ఉంది. గుండు ఆమె మోచేతికీ నడుముకూ మధ్య నుంచి, పైటను చిల్లు చేసుకుంటూ వెళ్లి వాషింగ్ మెషీన్‌లో దిగింది. పక్కింటివాళ్లు పిల్లలు టపాకాయ కాల్చారనుకున్నారు. కోటేశ్వరమ్మ సోఫాలో కూలబడి, దిష్టి పోయిందని గొణిగింది. సుభాషిణి పళ్లెం కింద పెట్టి, చిల్లులో వేలుపెట్టి చూసుకుంది.

"ఎవరో వచ్చి చంపుతారని దీన్ని తెచ్చారు. ఇన్నేళ్లలో ఎవరూ రాలా. కాల్చింది మీరే," అంది.

ఆయన క్షమాపణ చెప్పాడు, ఇక జాగ్రత్తగా ఉంటానన్నాడు. నన్ను వదిలేస్తానని మాత్రం అనలేదు.

కొన్నాళ్లకు ఎన్నికలొచ్చాయి. ఎన్నికలప్పుడు లైసెన్సు ఆయుధాలన్నీ స్టేషన్‌లో అప్పగించాలి. నేనూ వెళ్లాను. నేను లేని ఆ రోజుల్లో ఆయన్నెవరూ చంపలేదు. అయినా ఫలితాలు రాగానే నన్ను వెనక్కి తీసుకెళ్లడానికి బయల్దేరాడు. అడక్కుండానే సుభాషిణి కూడా కారెక్కింది.

కానిస్టేబుల్ నన్ను బల్లమీద పెట్టాడు. మాలకొండయ్య చెయ్యి చాచాడు.

"తీసుకోండి," అంది సుభాషిణి, గొంతు పెంచకుండా. "మీరూ అదీ కార్లో ఇంటికి పోండి. నేను ఆటోలో మా చెల్లెలింటికి పోతా. మీకు తోడు కావాలిగా, అది ఉంటదిలే."

ఆయన చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని, లైసెన్సు రద్దు చేసుకోవాలంటే ఏం చెయ్యాలని అడిగాడు. ఎస్సై విచిత్రంగా చూశాడు.

"ప్రాణభయం ఉందన్నారుగా? పోయిందా?"

"పోలేదండి," అన్నాడు మాలకొండయ్య, భార్య వైపు చూడకుండా. "ఎవరి వల్లో తెలిసింది."

నేను ఇప్పుడు స్టేషన్ వెనకగదిలో ఇనుపబీరువాలో ఉంటున్నాను. పక్కన ఒక వకీలుగారి పిస్తోలు, ఒక చేపల చెరువుల ఆసామి తుపాకీ ఉన్నాయి. అందరం ఆత్మరక్షణ కోసం కొన్నవాళ్లమే. మా యజమానుల శత్రువుల్లో ఒక్కణ్నైనా చూసినవాళ్లం ఎవరమూ లేము. మమ్మల్నెవరూ ఎత్తుకుపోకుండా బయట ఒక కానిస్టేబుల్ స్టూలు వేసుకుని కాపలా కాస్తుంటాడు. ఆయన చేతిలో లాఠీ ఉంటుంది.