పసుపు రాసిన గెడ

నేను ఒక వెదురు గెడను. చేపల చెరువులో మేత సంచి కట్టడానికి పాతిన మామూలు గెడను. దేవుణ్ణి కాను. ఈ మాట ఎంత మొత్తుకున్నా వినే నాథుడు లేకపోయాడు గనక మీకైనా చెప్పుకుంటున్నాను.

పుట్టింది కొండల్లో. లారీ ఎక్కి కైకలూరు వెదురు అడితికి వచ్చాను. అక్కడ నన్నూ, నాతోపాటు మరో పంతొమ్మిది గెడల్నీ ఏరుకున్నవాడు ఏడుకొండలు. పాతికేళ్లు పరాయి చెరువుల్లో దోనె మీద తిరిగి మేత కట్టిన మనిషి. మొదటిసారి తనకంటూ ఒక చెరువు కౌలుకు తీసుకున్నాడు. ఇది నిలబడితే రైతు, పోతే మళ్లీ పరాయి దోనె. దారి పొడవునా భార్య నాంచారమ్మతో అదే మాట. ఆవిడ మాత్రం మా కణుపులు తట్టి చూసుకుంటూ కూర్చుంది.

వాళ్లకో ఆనవాయితీ ఉంది. ఈశాన్యం మూల పాతే మొదటి గెడకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొడతారు. చేపలన్నీ పట్టి అమ్మేదాకా దాన్ని కదపకూడదు. ఆ యోగం నాకు పట్టింది. నాంచారమ్మే తన చేత్తో పసుపు రాసింది. మొదట్లో నేనూ పొంగిపోయాను, అబద్ధమెందుకు.

అయిదు నెలలు బాగానే గడిచాయి. శీలావతులు, బొచ్చెలు మా చుట్టూ మూగి చిల్లుల సంచుల్లోంచి తవుడు పీల్చుకు తినేవి. ఆ తర్వాత చేపపేను పట్టింది. కందిబద్దంత పురుగు, చప్పటి ఒళ్లు. పొలుసులకు అతుక్కుని రక్తం తాగుతుంది. చేపలు దురద తట్టుకోలేక నా ఒంటికి రాసుకునేవి, నీళ్లలోంచి ఎగిరిపడేవి. ఒంటినిండా ఎర్రటి పుళ్లు. పెట్టిన తవుడు పెట్టినట్టే సంచుల్లో పులిసిపోయేది.

ఏడుకొండలు మందు కొట్టాడు. పేలు చచ్చాయి. మూడు వారాలకు మళ్లీ వచ్చాయి. మందు నకిలీదని కొట్టు మార్చాడు. మళ్లీ వచ్చాయి. నీళ్లు మంచివి కావన్నాడు, కొంగలు మోసుకొస్తున్నాయన్నాడు, చివరికి ఎవరి దిష్టో తగిలిందన్నాడు. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ఆ పేను గుడ్లు చేప మీద పెట్టదయ్యా, ఈదుకుంటూ వచ్చి గట్టిగా ఉన్నదాని మీద పెడుతుంది. ఆ బురద చెరువులో గట్టిగా ఉన్నది మేమే. నీటి అడుగున నా ఒళ్లంతా వరసలు వరసలుగా గుడ్లు. మందు పేనును చంపుతుంది గానీ గుడ్డు జోలికి పోదు. రోజూ దోనె ఆపుకోడానికి అతను నన్నే పట్టుకునేవాడు. చెయ్యి ఒక్క జానెడు కిందికి జారితే ఆ గరుకు తగిలేది. జారనిచ్చేవాడు కాదు, పసుపు చెరిగిపోతుందని.

చివరికి చేపను బతికుండగానే బకెట్లో వేసుకుని ల్యాబుకు తీసుకెళ్లారు. అక్కడి మేడం భూతద్దం కింద పెట్టి చూసి, చెరువుకు స్వయంగా వచ్చింది. గెడలన్నీ పీకి వారం ఎండబెట్టమంది, ఆ తర్వాతే మందు అంది. హమ్మయ్య అనుకున్నాను.

పంతొమ్మిది గెడలు గట్టెక్కాయి. నా దగ్గరికొచ్చి ఏడుకొండలు దణ్ణం పెట్టి దోనె తిప్పుకున్నాడు.

"అదేందయ్యా, దాన్నొదిలేశావు?" అని గట్టు మీంచి నాంచారమ్మ అడిగింది.

"అది మామూలు గెడ కాదే. చేపల పట్టుబడి కాకుండా కదిపితే చెరువు కలిసిరాదు."

నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆ వారం పేలన్నీ వచ్చి కాపురం నా ఒక్కదాని మీదే పెట్టాయి. పైన పసుపు, కింద పేల పురిటిల్లు. ఎండిన గెడల్ని తిరిగి పాతి మందు మళ్లీ కొట్టారు, మూడు వారాలకు పేలు మళ్లీ వచ్చాయి. ఒక పొద్దున కిలో పైబడిన శీలావతులు నా పక్కనే చచ్చి వెల్లకిలా తేలాయి. ఏడుకొండలు గట్టు మీద చతికిలబడి, పాత ఆసామికి కబురు చేసి దోనె పని అడుగుతానన్నాడు. అది విని నాకు ఏడుపొచ్చింది.

నాంచారమ్మ తనే దోనె తోసుకుంటూ వచ్చింది. చెయ్యి నీళ్లలోకి పెట్టి నా ఒళ్లు కిందిదాకా తడిమింది. గోటికి వచ్చినవాటిని వెలుతురులో చూసింది.

"అమ్మా, తప్పయితే నా మీదేసుకో," అని నాకు మొక్కి, రెండు చేతులా ఊపి పీకేసింది.

"ఒసే, వద్దే!" అని ఏడుకొండలు మోకాలిలోతు నీళ్లలోకి దిగాడు.

"పసుపు రాసిన చెయ్యి నాది. తీసే చెయ్యీ నాదే. నువ్వు గట్టెక్కు."

మళ్లీ పీకించిన మిగతా గెడలతోపాటు వారం రోజులు ఎండలో పడున్నాను. గుడ్లు ఎండి పొట్టులా రాలిపోయాయి. నా ఒళ్లు చీలింది, అయినా అంత సుఖం ఎప్పుడూ ఎరగను. నన్ను గట్టు మీదే ఉంచి మిగతావాటిని తిరిగి పాతారు. మందు మళ్లీ కొట్టారు. మూడు వారాలయింది, నాలుగయింది, పేను రాలేదు. తవుడంతా చేపలు తినేసి సంచులు ఖాళీగా తేలాయి.

పట్టుబడి రోజున వల నిండా నిగనిగలాడే చేపలు. ఏడుకొండలు పసుపు ముద్ద తీసుకుని నా దగ్గరికొచ్చాడు. వచ్చే పంటకు మళ్లీ నన్నే ఈశాన్యం మూల పాతుతాడట. ఈ మనిషి మారడనుకున్నాను.

"మొక్కితే గట్టు మీదే మొక్కు. నీళ్లలో పెట్టమాక," అంది నాంచారమ్మ, చేపలు ఏరుతూ, తల తిప్పకుండానే.

అతను నన్ను గట్టు మీదే నిలబెట్టి, చీలిన నా ఒంటికే పసుపు రాసి దణ్ణం పెట్టాడు. ఎన్ని నెలలుగానో పెడుతున్న దణ్ణమే. తీసుకోవడానికి నాకు మొహం చెల్లింది మాత్రం ఆ రోజే.