పీచుమిఠాయి కేకు

మొగుడు ఓర్లిన్ పోయాక వచ్చిన మొదటి చలికాలం, కేకుల నడకకి లవంగాల కేకు చెయ్యకూడదని లవోన్ తీర్మానించుకుంది.

కేకుల నడక ఆ ఊరి బడిలో ఏటా జనవరిలో జరిగేదే. ఆటల హాల్లో నేల మీద అంకెలు వేసిన కాగితాలు గుండ్రంగా అంటిస్తారు. పాట మొదలవగానే పిల్లా పెద్దా వాటి మీద నడుస్తారు. పాట ఆగాక కాఫీ డబ్బాలోంచి ఒక చీటీ తీస్తారు. ఆ అంకె మీద నిలబడ్డవాళ్లు బల్ల దగ్గరికెళ్లి నచ్చిన కేకు పట్టుకుపోవచ్చు. బల్ల ఖాళీ అయ్యేదాకా ఆట సాగుతుంది. కేకులు చేసినవాళ్లు గోడవారన కుర్చీల్లో కూర్చుని, ఎవరిది ముందు పోయిందో, ఎవరిది మిగిలిపోతోందో చూడనట్టే చూస్తుంటారు. దాని గురించి ఎవరూ పైకి ఒక్క మాటనరు. అనరు కాబట్టే ఏళ్ల తరబడి అందరికీ గుర్తుంటుంది.

లవోన్ కేకు ఏటా మిగిలిపోయేది. మంచుబొమ్మల కేకులూ, రంగు బిళ్లలు గుచ్చిన కేకులూ ఉన్న ఆ బల్ల మీద ఆమె గోధుమరంగు లవంగాల కేకు, పనిబట్టలతో పెళ్లికి వచ్చిన చుట్టంలా ఓ మూల ఒదిగి ఉండేది. చివరికి ఓర్లిన్, అంత పొడుగు మనిషి, పిల్లల మధ్య బూట్లు ఈడ్చుకుంటూ తన అంకె పలికేదాకా నడిచి, దాన్ని రెండు చేతులా ఎత్తుకొచ్చేవాడు. "ఎవరికీ పట్టలేదు, మనకే మిగిలింది," అనేవాడు నవ్వుతూ. వారం రోజులు ఇద్దరూ అదే తినేవాళ్లు.

ఈ ఏడు నడిచే మనిషి లేడు. బల్ల మీద అదొక్కటే మిగిలితే, అందరూ చూస్తుండగా తనే లేచి వెళ్లి తెచ్చుకోవాలి.

అసలు మానేద్దామనే అనుకుంది. కానీ ముందువారం ఆర్డిస్ ఫోన్ చేసింది. రోడ్డుకి అవతలి పొలం ఆర్డిస్‌ వాళ్లది. లవోన్ ఆ ఊరికి కాపురానికి వచ్చిన నాటి స్నేహం.

"వస్తున్నావుగా?"

"ఏమో ఆర్డిస్, చూడాలి."

"చూసేదేం లేదు, నీ పేరు చెప్పేశా. ఇంట్లో కూర్చుని గోడలకి కబుర్లు చెప్తావా? ఇంతకీ ఈసారి కూడా అదేగా, గోధుమరంగుది?"

ఆ 'కూడా' దగ్గర లవోన్‌కి చురుక్కుమంది. "ఇంకా అనుకోలేదు," అంది.

"అనుకోడానికేముందే, నీకు వచ్చిందే అది," అని నవ్వి ఆర్డిస్ ఫోన్ పెట్టేసింది.

అప్పుడే లవోన్ పంతం పట్టింది. పిల్లలు ఎగబడి తీసుకునే కేకు చెయ్యాలి. ఆగస్టు తిరనాళ్లలో పిల్లలు దేనికి బారులు తీరతారో ఆమె ఎన్నిసార్లు చూడలేదు? గులాబీ, నీలం పొరలతో పీచుమిఠాయి కేకు. పైన మబ్బులా నిజమైన పీచుమిఠాయి.

లవోన్ ఏ పని చేసినా కొలత తప్పదు. పిండిని చెంచాతో కప్పులోకి వదిలి చాకు వీపుతో చదును చేస్తుందే తప్ప, అదిమి కొలవదు. పచ్చసొన పడితే నీలం రంగు ఆకుపచ్చకి తిరుగుతుందని ఆలోచించి తెల్లసొన మాత్రమే వాడింది. మిగిలిన పచ్చసొనలు గిన్నెలో ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కూర్చున్నాయి. ఓర్లిన్ ఉంటే వాటితో పాలూ చక్కెరా కలిపి కస్టర్డ్ కాచేది. ఒక్క మనిషికి ఎవరు కాస్తారు? గిన్నె మీద మూత పెట్టి ఫ్రిజ్‌లోకి తోసింది.

కొట్లో తెచ్చిన పీచుమిఠాయి ఎసెన్సు సీసా మూత తియ్యగానే వంటిల్లంతా తిరనాళ్ల వాసన కమ్ముకుంది. ఆ తీపికి పళ్లు జివ్వుమన్నాయి. సీసా మీద చెంచాడు వెయ్యమని ఉంటే సగమే వేసింది. రెండు గులాబీ పొరలు, రెండు నీలం పొరలు కాల్చి, చల్లార్చి, రంపపు చాకుతో పైన ఉబ్బిన భాగం కోసేసి చదును చేసింది. కోసిన బిళ్లలు ఒక సాసరులో పెట్టి, గట్టు చివర, కాఫీ కప్పు ఉండేచోటుకి జరిపింది. జరిపాక గాని తెలియలేదు, ఎవరి కోసం జరిపిందో. కేకు చేసినప్పుడల్లా ఓర్లిన్ అక్కడే నిలబడి ఆ కోత ముక్కలు తినేవాడు. తియ్యబోయి, ఉండనీలే అని వదిలేసింది.

పైన పెట్టే పీచుమిఠాయి ఎంతసేపు నిలుస్తుందో చూడకుండా నమ్మే మనిషి కాదు లవోన్. ముందురోజే కాస్త తుంపి కిటికీ దగ్గర పళ్లెంలో ఉంచింది. తెల్లారినా దూదిలాగే ఉంది. చలికాలం ఇంట్లో గాలి ఎండుటాకులా పొడిగా ఉంటుంది మరి. దాంతో ధైర్యం వచ్చి, బయల్దేరే ముందు ఇంట్లోనే కేకు మీద మబ్బు కట్టేసింది. పొరబడింది అక్కడే.

ఇంటి దారి మంచుతో పూడిపోయి కారు రోడ్డు మీదే ఉంది. ఇంటి నుంచి రోడ్డు దాకా మంచు తీసే ట్రాక్టర్ ఓర్లిన్ నడిపేవాడు. ఇంటిదేం ఖర్మ, అడిగిన ప్రతివాళ్ల దారీ ఓర్లినే తీసేవాడు. ఇప్పుడా ట్రాక్టర్ షెడ్డులో గుడ్డ కప్పుకుని ఉంది. ఆర్డిస్ మొగుడు లీరోయ్ తనొచ్చి తీస్తానన్నాడు. పర్లేదులే అంది లవోన్. మళ్లీ అడిగాడు. ఎందుకులే శ్రమ అంది. ఆ ఊళ్లో ఎవరేం ఇస్తామన్నా రెండుసార్లు వద్దనడం మర్యాద, మూడోసారి అడిగితే ఒప్పుకోవడం మర్యాద. లీరోయ్ మూడోసారి అడగలేదు. అందుకే లవోన్ తనే పారతో మనిషి పట్టేంత బాట తీసుకుంది. ఆ బాటలో, రెండు పక్కలా నడుమెత్తు మంచు మధ్య, గులాబీ మబ్బుని గుండెకి ఆనించుకుని కారు దాకా నడిచింది.

హాల్లో కాఫీ పెద్ద పాత్రలో మరుగుతోంది. తడి బూట్లు, తడి కోట్లు, మనుషుల ఊపిరి. కిటికీల అద్దాలు చెమట పట్టి కారుతున్నాయి. లవోన్ కేకు బల్ల మీద పెట్టి కోటు విప్పి వచ్చేసరికి మబ్బు ఒక పక్కకి కుంగింది. కుర్చీలో కూర్చునేసరికి ముడుచుకుపోయి, ఎర్రటి పూసలై, పూసలు చారలై కేకు పక్కలెంట జారడం మొదలైంది. లేచి వెళ్లి తుడుద్దామా? తుడిస్తే అది తనదేనని అందరికీ తెలుస్తుంది. అలాగే కూర్చుంది.

పాట మొదలైంది. మంచుబొమ్మ కేకు ముందు పోయింది. తర్వాత రంగు బిళ్లలది. పోస్టాఫీసు డ్వేన్ అంకె పలికింది. అతను బల్ల ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లి, ఏదో పోయినట్టు మళ్లీ వెనక్కి వచ్చి, చివరికి ఒక ఆపిల్ కేకు పట్టుకుపోయాడు. బడి వంటమనిషి మావిస్ కూడా అలాగే వెతికి, నిమ్మకాయ కేకుతో సరిపెట్టుకుంది. కారుతున్న కేకుని ఇద్దరూ ఒక్క చూపు చూసి దాటేశారు. లవోన్ ఒళ్లోని చేతి తొడుగులని మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది.

అప్పుడొక చిన్నపిల్ల నిలబడ్డ అంకె పలికింది. ముందు పళ్లు రెండూ లేవు. నేరుగా వచ్చి, కారిన చార మీద వేలు రాసి నోట్లో పెట్టుకుంది.

"టెన్లీ, అంత చక్కటి చాక్లెట్‌ది ఉంటే ఇదెందుకే?" అంది వాళ్లమ్మ వెనక నుంచి.

"ఇదే. దీనికి ముక్కు కారుతోంది," అంది టెన్లీ.

చుట్టుపక్కల వాళ్లంతా నవ్వారు. లవోన్ కూడా నవ్వింది. అమ్మయ్య అనుకుంది. కేకు తలుపు దాటి వెళ్లిపోయింది. బల్ల మీద ఇంకా సగం కేకులు ఉన్నాయి. అనుకున్నట్టే అయింది. కాని ఇంక చూడ్డానికి ఏం మిగిలిందో, ఆ కుర్చీలో ఎందుకు కూర్చోవాలో ఆమెకి తెలియలేదు.

ఆట అయిపోయాక ఆర్డిస్ చేతిలో చాక్లెట్ కేకుతో వచ్చి పక్కన కూలబడింది.

"ఏదే నీ కేకు? కళ్లు కాయలు కాసేలా వెతికాను."

"పోయింది. ఆ పీచుమిఠాయిది నాదే."

"ఆ కారేదా?" ఆర్డిస్ చాక్లెట్ కేకు పక్క కుర్చీలో పెట్టింది. తర్వాత, "నీ దుంప తెగ. నేనూ మావిసూ ఆ డ్వేనూ, ముగ్గురం దాని కోసమే నడిచాంగదే," అంది.

"దేని కోసం?"

"గోధుమరంగుదాని కోసం. ఇన్నేళ్లకి ఈసారైనా దక్కుతుందనుకున్నాం. నీ మొగుడు దక్కనిచ్చాడా? ఏటా తలుపు దగ్గర కాపు కాసి మరీ చెప్పేవాడు, 'గోధుమరంగు కేకు మీద చెయ్యేస్తే మీ దారి మంచు మీరే తీసుకోండి' అని. పెద్దాళ్లకి దారి భయం. పిల్లలకేమో తలా ఒక చాక్లెట్ లంచం. నీకు తెలీదా?"

లవోన్ తల అడ్డంగా ఊపింది.

"నీకూ తెలుసనే అనుకున్నా," అంది ఆర్డిస్ మెల్లిగా. లేచి కోటు గుండీలు పెట్టుకుంటూ, "లీరోయ్‌ని పంపనా, రేపు దారి తీస్తాడు?"

"పర్లేదులే."

"పంపుతానే, ఎంతసేపు పని?"

"ఎందుకులే శ్రమ."

లవోన్ ఎదురుచూసింది. బయట లీరోయ్ హారన్ కొట్టాడు. ఆర్డిస్ ఆమె భుజం తట్టి, జాగ్రత్తగా వెళ్లమని చెప్పి వెళ్లిపోయింది.

ఇంటి బాటలో పొద్దున తను వేసిన అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ లవోన్ వెనక్కి వచ్చింది. వంటిల్లు ఇంకా తిరనాళ్ల వాసనే వేస్తోంది. గట్టు చివర సాసరులో కోత ముక్కలు అంచులు ఎండి ఉన్నాయి. ఓర్లిన్ నిలబడేచోట నిలబడి గులాబీది ఒకటి తింది. ఉత్త తీపి. నీలంది తింది. రంగు మారిందే తప్ప అదీ అంతే.

వారమంతా ఓర్లిన్ పొద్దునా సాయంత్రం ఆ లవంగాల కేకు తింటూ ఎవరికీ పట్టలేదనేవాడు. చివరి ముక్క ఎప్పుడూ ఆమెకే వదిలేవాడు. పాపం, జాలిపడి నడుస్తున్నాడని ఆమె ఇన్నేళ్లూ అనుకుంది. ఆ జాలికి ఒకటి రెండుసార్లు చిన్నబుచ్చుకుంది కూడా.

"ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయేది?" అంది పైకే. ఫ్రిజ్ గుర్రుమని ఆగింది.

తర్వాత అలమరలో వెనక వరసలో ఉన్న జాజికాయ, లవంగాల డబ్బాలు తీసి గట్టు మీద పెట్టుకుంది. పచ్చసొనల గిన్నె బయటికి తీసింది. పిండి కొలవబోయి ఆగింది. అంత కేకూ చేస్తే తినేదెవరు? కప్పు పక్కన పెట్టి ఫోన్ అందుకుంది.

"ఏంటే, క్షేమంగా చేరావా?" అంది ఆర్డిస్.

"చేరాను. నువ్వు మూడోసారి అడగలేదు."

అవతల టీవీ గొంతు తగ్గించినట్టు వినబడింది.

"లీరోయ్‌ని పంపనా?" అంది ఆర్డిస్.

"పంపు," అంది లవోన్. "నువ్వు కూడా రా. ఉత్త చేతులతోనే రా."

ఫోన్ పెట్టేసి, పిండిని చెంచాతో కప్పులోకి వదిలి, చాకు వీపుతో చదును చేసింది. కిటికీ అవతల మళ్లీ మంచు మొదలైంది. పొద్దున తీసిన బాట అప్పుడే పూడుకుపోతోంది.