చుక్కల పెట్ట కూర్చుంది

“ఇంట్లో ఊరికే కూర్చోనుండావు గదా, వీటిని చూసుకో” అంటూ కుళ్లాయప్ప గంప దించినప్పుడు ఇంద్రాణి కూర్చుని లేదు. రెండు దినాలకోసారి వచ్చే కొళాయి నీళ్లలో ఆఖరి బిందె నడుము మీద పెట్టుకుని గడప దాటుతోంది. తడిసిన కుచ్చిళ్లు కాళ్లకు చుట్టుకుంటున్నాయి. గంపలో కాళ్లు కట్టేసిన నాలుగు పెట్టలు, ఒక పుంజు. గార్లదిన్నెలో ఎవరో ఊరు విడిచిపోతూ అమ్మేశారట. మొగుడి నోట అది కొత్త మాట కాదు. పెళ్లయిన ఏడేళ్లలో ఎన్నిసార్లు విన్న మాటో. పొద్దుటి నుంచి చేసిన పనులన్నీ వరసగా చెప్పుకుంటూ పోతే సాధింపులా ఉంటుంది, చెప్పకపోతే ఆయన అన్నదే నిజమైపోతుంది. బిందె దించి కోళ్ల కాళ్లకున్న తాళ్లు విప్పింది.

అవి రెప్పపాటులో వీధిలోకి ఉరికాయి. సాయంత్రం దాకా సందులన్నీ తిరిగి ఒక్కొక్కదాన్నే పట్టుకొచ్చేసరికి పక్కింటి నూర్జాన్ గుమ్మంలో నిలబడి కడుపు పట్టుకుని నవ్వుతోంది.

“ఏమక్కా, అంత చదివినావు, ఇది తెలీదా? కొత్త కోళ్లను మూడు దినాలు గంప కింద మూసిపెట్టల్ల. ఆడే మేత, ఆడే నీళ్లు. అప్పుడు గానీ ఇది మా ఇల్లని వాటికి తెలీదు.”

తనకు ఆ మూడు దినాలూ దొరకలేదని, ఈ ఇంటికి వచ్చిన మరునాడే గిన్నెడు పిండి రుబ్బిన సంగతి గుర్తొచ్చి ఇంద్రాణి కూడా నవ్వింది.

నిజంగానే ఆమెకు కోళ్ల గురించి ఏమీ తెలియదు. ఆరో తరగతి నుంచి హాస్టళ్లలో పెరిగింది. శెనక్కాయ చేలల్లో కూలికి పోయిన నాయన, “నువ్వు పలకే పట్టుకో తల్లీ, పార నేను పట్టుకుంటా” అని చదివిస్తే, ఆ వంశంలో మొదటిసారిగా డిగ్రీ పూర్తిచేసింది, ఆపైన బీఈడీ చదివింది. అందుకే దేన్నయినా చదువులాగే మొదలుపెడుతుంది. ఒక నోటుబుక్కు తీసి ‘కోళ్లు’ అని రాసి కింద గీత గీసింది. పొద్దున నూకలు, సాయంత్రం సజ్జలు. నీళ్ల చిప్ప నీడలో. కారం తగిలిన మెతుకులు వేయరాదు. ఇదంతా తప్పుచేసి నేర్చుకున్నదే.

ఆ నోటుబుక్కు కింద ఇంకో పుస్తకం ఉంది. శిశు మానసిక వికాసం. టీచరు పోస్టుల పరీక్షకు చదవాల్సింది. పోయినసారి రెండు మార్కుల్లో తప్పింది. మళ్లీ పోస్టులు పడటానికి ఆరేళ్లు పట్టింది. ఇంకోసారి పడేనాటికి వయసు దాటిపోతుంది. “వచ్చేదా, చచ్చేదా ఆ ఉద్యోగం” అంటాడు కుళ్లాయప్ప. చదవొద్దని ఎన్నడూ అనలేదు. పుస్తకం తెరిచిన ప్రతిసారీ ఆయనకు దాహమవుతుంది.

పరీక్ష ఇరవై ఆరు దినాలుందనగా చుక్కల పెట్ట గంపలోంచి బయటికి రాలేదు. ఒళ్లంతా ఉబ్బించుకుని, కళ్లు సగం మూసుకుని, కదలకుండా ఉంది. నూకలు చల్లితే చూడలేదు. ఎత్తి బయట పెడితే మళ్లీ పోయి అక్కడే కూర్చుంది. ఇంద్రాణి పసుపు నీళ్లు పట్టబోతే చేతి మీద పొడిచింది. పరుగున పోయి నూర్జాన్‌ను పిలుచుకొచ్చింది.

“రోగమొచ్చినాది నూర్జాన్. పొద్దున్నుంచీ కూర్చునే ఉండాది.”

నూర్జాన్ వంగి చూసి, ఈసారి నవ్వలేదు. ఇంద్రాణి వంక వింతగా చూసింది. “కూర్చుంటే రోగమా అక్కా? దానికేం కాలేదు. పొదుగుకొచ్చినాది. పిల్లల్ని చేసుకోవల్లనుకొని కూర్చున్నాది, అంతే.”

అత్త ఓబులమ్మ వసారాలోంచే తీర్పు చెప్పింది. “నీళ్లల్లో నాలుగు మునకలెయ్యి. రెక్కీక పీకి ముక్కులో గుచ్చు. పొదుగు ఇరిగిపోయి వారం తిరక్కముందే మళ్లా గుడ్లు పెడతాది. ఊరికే కూర్చోబెట్టి మేపుతామా?”

కూతురు అనుపమ పుట్టిన పదకొండో దినం ఇదే వసారాలోంచి ఇదే గొంతు, “ఎంతసేపని పండుకుంటావమ్మీ, లేస్తే కాళ్లు గట్టిపడతాయి” అన్నది ఇంద్రాణికి గుర్తుంది. లేచింది. ఆ పొద్దు చన్నీళ్లలో ఉతికిన దుప్పట్ల బరువు ఇప్పటికీ భుజాల్లో ఉంది.

“వద్దత్తా” అంది. “కూర్చోనీ.”

ఆ ఇంట్లో ఆమె వద్దు అనడం అదే మొదలు. ఓబులమ్మ వక్కాకు నమలడం ఆపి చూసింది.

నూర్జాన్ చెప్పినట్టు వసారా మూలన వెడల్పాటి తట్టలో ఇసుక పోసి, గడ్డి పరిచి, పురుగు పట్టకుండా వేపాకు వేసి, పదకొండు గుడ్లు పెట్టింది. ఒక్కోదాని మీద బొగ్గుతో గుర్తు. చుక్కల పెట్ట ఎక్కి, గుడ్లన్నిటినీ ముక్కుతో కడుపు కిందికి లాక్కుని కూర్చుంది.

ఇరవైయొక్క దినాలు. దినానికి ఒక్కసారి దిగుతుంది. గబగబా తిని, నీళ్లు తాగి, బూడిదలో పొర్లి, ఎవరో పిలిచినట్టు పరుగెత్తుకొచ్చేస్తుంది. రొమ్ము మీది ఈకలు తానే పీక్కున్నది, ఒంటి వేడి సూటిగా గుడ్లకు తగలాలని. అంచునున్న గుడ్లను లోపలికి, లోపలివి అంచుకు తిప్పుతుంది, ఏదీ చల్లబడకుండా. దానికిదంతా ఎవరు చెప్పారు? ఏ పుస్తకంలో చదివింది?

ఏడో దినం మధ్యాహ్నం, పెట్ట మేతకు దిగినప్పుడు ఇంద్రాణి ఒక గుడ్డు తీసుకుని శెనక్కాయల గదిలోకి పోయి తలుపు మూసింది. ఆ చీకట్లో ఫోను లైటు వెలిగించి గుడ్డును దానికి ఆనించింది. పెంకు మొత్తం దీపమైంది. లోపల సన్నని ఎర్రని దారాలు, ఎండిన వంకకు నలువైపుల నుంచీ పిల్లకాలువలు వచ్చి కలిసినట్టు. వాటి నడుమ ఒక చుక్క. ఆ చుక్క కదులుతోంది. కొట్టుకుంటోంది. ఇంద్రాణి నోరు తెరుచుకుని అట్లాగే నిలబడిపోయింది. పరీక్ష పుస్తకంలో పిండం గురించి ఎన్ని పేజీలు బట్టీ పట్టిందో, ఇది మాత్రం ఏ పేజీలోనూ లేదు. బయట పని చేసుకుంటున్నవాళ్లెవరికీ తెలియకుండా, కూర్చోవడం అనే ఒక్క పనితో, ఆ పెట్ట ఒక గుండెను కొట్టించింది. గుడ్డును రెండు చేతుల్లో పొదువుకుని తెచ్చి తట్టలో దాని చోట పెట్టింది.

తట్టకు పైన గోడకే కుళ్లాయప్ప తువ్వాల తగిలించి ఉండేది. ఒకనాడు దానికోసం చెయ్యి చాపితే చుక్కల పెట్ట ఈకలన్నీ లేపి, గుర్రుమని పొడిచింది. “అబ్బ, దీని పొగరు” అని వెనక్కి తగ్గాడు. మరునాటి నుంచి తువ్వాల ఇంకో మేకుకు మారింది. అనుపమ గెంతుతుంటే ఓబులమ్మ కసిరింది: “మెల్లగా పాపా, కోడి కూర్చోనుండాది.” ఆ తర్వాత తట్ట వైపే చూస్తూ, ఎవరితోనూ కాకుండా, “నన్ను కానుపైన తొమ్మిదో దినమే చేనికి తోలినారు” అంది.

ఇంద్రాణి పుస్తకం తీసుకొచ్చి తట్ట పక్కనే చాప వేసుకుంది. చదవడం మొదలుపెట్టేది. నీళ్లు అన్నా, గొడ్ల పలుపుతాడు యాడ పెట్టినావని అడిగినా లేచేది. తిరిగొచ్చేసరికి చదివిన వాక్యం చల్లబడిపోయేది. మళ్లీ మొదటి నుంచి. అవతల పుంజు మేత చూపించి పిలుస్తుంటే మిగతా మూడు పెట్టలూ పరుగెత్తేవి. చుక్కల పెట్ట తల కూడా తిప్పేది కాదు. వినపడక కాదు.

ఇరవయ్యో దినం సాయంత్రం ఎండ వసారాలోకి వాలింది. పరీక్షకు ఇంక ఆరు దినాలే. ఇంద్రాణి పేజీ మీద వేలు పెట్టుకుని చదువుతుంటే తట్టలోంచి ఏదో సన్నని చప్పుడు. చెవి దగ్గరగా పెట్టింది. కియ్... కియ్. గుడ్డు లోపలి నుంచి. పెంకు ఇంకా పగలలేదు, గొంతు అప్పుడే వచ్చింది. చుక్కల పెట్ట మెడ వంచి, ఇంద్రాణి ఇన్ని దినాల్లో ఎన్నడూ వినని లోగొంతుతో దానికి బదులిచ్చింది. గోడకు ఆవల ఒకరు, ఈవల ఒకరు, ఇంకా ఒకరి ముఖం ఒకరు చూడకుండానే మాట్లాడుకుంటున్నారు.

“ఇంద్రాణీ, నీళ్లు” అని లోపల్నుంచి కుళ్లాయప్ప.

అలవాటుగా మోకాలు లేచింది. ఆమె దాని మీద చెయ్యి వేసి కిందికి నొక్కింది. వేలు పేజీ మీది నుంచి తీయలేదు.

“ఇంద్రాణీ!” మళ్లీ పిలుపు. కాసేపటికి ఓబులమ్మ కంగారుగా బయటికి వచ్చింది.

“ఏమ్మీ, పలకవు? ఒంట్లో బాగలేదా?”

“బాగుండానత్తా. నాకేం కాలేదు. కూర్చున్నా.”

ఓబులమ్మ ఆమెను చూసింది, పుస్తకాన్ని చూసింది, తట్టను చూసింది. తర్వాత అడుగుల చప్పుడు కాకుండా లోపలికి వెళ్లింది.

“ఏమైందంట?” అని కుళ్లాయప్ప అడగడం వినిపించింది.

“ఏం కాలేదంట. కూర్చున్నాదంట” అంది ఓబులమ్మ. “మెల్లగా మాట్లాడు. నీళ్లు కుండలో ఉండాయి, లేసి ముంచుకో.”