ఉప్పుటూరి వారి కరెంటు మెట్లు

నేను ఒక మెట్ల వరసను. మోకాళ్ళు పట్టుకుని మీరు ఎక్కే రకం కాదు, నిలబడితే చాలు మిమ్మల్నే ఎక్కించే రకం. చదువుకున్నవాళ్ళు నన్ను ఎస్కలేటరన్నారు, ఊళ్ళోవాళ్ళు కరెంటు మెట్లన్నారు. నాకు రెండో పేరే ఇష్టం. ఊరి పేరు మాత్రం అడక్కండి. చెప్పానంటే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా ఆ కాంప్లెక్సు మాదంటే మాదని తగువుకొస్తారు. నడిబొడ్డున అలాంటిది ఒకటి ప్రతి ఊళ్ళోనూ ఏడుస్తూనే ఉంది మరి.

నేను పుట్టింది సముద్రాల అవతల. పెట్టెలో పడుకోబెట్టి ఓడెక్కించారు. దారిలో తుఫాను పట్టుకుంది. పక్కనే ఒక చేపల పడవ మునిగిపోతుంటే, మా ఓడ నడిపేవాడు నన్ను బయటికి తీసి, ఒక కొస నీళ్ళలోకి వదిలి, ఆ పడవలోవాళ్ళందరినీ నా మీదుగా పైకెక్కించాడు. నడి సముద్రంలో కరెంటెక్కడిదని అడుగుతారు. మెరుపులున్నాయి కదండీ. ఆఖరున ఒక రొయ్య కూడా ఎక్కింది. దాన్ని కూర వండుకున్నారో, మళ్ళీ నీళ్ళలో వదిలారో నేను చూడలేదు కాబట్టి చెప్పను. చూడనిది చెప్పే అలవాటు నాకు లేదు.

నన్ను కొన్నది ఉప్పుటూరి రంగనాయకులు గారు. బస్టాండు ఎదురుగా ఆయనకు సినిమా హాలుండేది. హాలు ఆడటం మానేశాక దాన్ని పడగొట్టి, కిందా పైనా కొట్లతో కాంప్లెక్సు కట్టారు. బస్సు దిగినవాడు మూతి కడుక్కునేలోపు మన గుమ్మంలో ఉంటాడని ఆయన లెక్క. పై అంతస్తుకి జనం రారని ఎవరో భయపెడితే, రాకపోవటమేమిటి, మోసుకెళదామని నన్ను తెప్పించారు.

తెరిచిన రోజు చూడాలి. ట్రాక్టర్ల మీద వచ్చారు. మొదట వచ్చిన పెద్దామె నా ముందు ఆగి, ఎద్దు లేకుండా, మనిషి తొయ్యకుండా కదులుతున్న ఇనుముని కాసేపు చూసింది. చెప్పులు విడిచి, మొదటి మెట్టుని తాకి కళ్ళకద్దుకుని అప్పుడు ఎక్కింది. వెనకవాళ్ళూ అదే చేశారు. అంతే, అదొక ఆచారమైపోయింది. కొత్త పెళ్ళికొడుకులు మధుపర్కాలతో వచ్చారు. అడుగులు నేర్చే పిల్లల్ని తెచ్చి నా మీద నిలబెట్టారు. వాచ్‌మన్ ఉద్యోగమంతా నా పాదాల దగ్గర చెప్పుల కాపలాతోనే గడిచిపోయింది. తప్పతాగిన ఒకాయన నా మీదే నిద్రపోయి, పైన లోపలికి దూరి, నా కడుపులోంచి చుట్టు తిరిగి, కింద బయటికొచ్చాడు. నోట్లో బీడీ ఆరలేదు. నమ్మితే నమ్మండి, నా దగ్గర బలవంతం లేదు.

ఆ జనంలో హనుమాయమ్మ ఉంది. బస్టాండు గోడవారన గోనెపట్టా పరుచుకుని జాకెట్టు ముక్కలమ్మేది. ఎండకి ఒక పక్క, వానకి ఒక పక్క గొడుగు తిప్పుకుంటూ తన బతుకంతా గడిపింది. తనకంటూ ఒక షట్టరు, పొద్దున ఎత్తితే కొట్టు, సాయంత్రం దించితే ఇల్లు. ఆమె కోరిక అంతవరకే. ఉన్న కాస్త పొలం చెక్క అమ్మి, అడ్వాన్సు కట్టి, పై అంతస్తులో చివరి కొట్టు అద్దెకి తీసుకుంది. మొదటి రోజు బట్టల మూట నెత్తిన పెట్టుకుని నా మీద ఎక్కింది. నేను మోస్తున్నప్పుడు నెత్తి మీద నుంచి దించుకోవచ్చన్న సంగతి ఆమెకు తోచలేదు, నాకు నోరు లేదు. పైకెళ్ళి, షట్టరు ఎత్తింది, దించింది, మళ్ళీ ఎత్తింది. ఆ చప్పుడు వినటానికే అనుకుంటాను.

జాకెట్టు ముక్క కొనే ఆడవాళ్ళకి ఒక పద్ధతుంది. చీర కొంగు, ముక్క పక్కపక్కన పెట్టి ఎండలో చూసుకుంటే తప్ప మనసొప్పదు. ట్యూబులైటు కింద ముదురాకుపచ్చ నల్లగా కనిపిస్తుంది. అందుకని ప్రతి ఒక్కరూ రంగు కుదరకపోతే మార్చుకోవచ్చా అని అడిగేవాళ్ళు. హనుమాయమ్మ జవాబు ఎప్పుడూ ఒకటే.

"ఎప్పుడైనా తీసుకురా తల్లీ. నా షట్టరు ఎక్కడికి పోద్ది?"

షట్టరు ఎక్కడికీ పోలేదు. పోయింది బస్టాండు. ఊరు పెరిగిందని, బస్సులు తిరగటానికి చోటు చాలటం లేదని, దాన్ని బైపాసు రోడ్డు మీదికి మార్చారు. సముద్రం వెనక్కి పోతే ఒడ్డున పడవలు ఎలా మిగులుతాయో కాంప్లెక్సు అలా మిగిలింది. మొదటేడు జనం తగ్గారన్నారు. తర్వాత జనం లేరన్నారు. ఎదురుగా పాత బస్టాండు గోడవారన హనుమాయమ్మ వదిలొచ్చిన చోటులో నూడిల్స్ బండి ఒకటి పాతుకుపోయింది. కాబట్టి ఆమెకు పైన బేరం లేదు, కింద చోటు లేదు.

రంగనాయకులు గారు చెయ్యని ప్రయత్నం లేదు. రంగులు వేయించారు. గుమ్మంలో నీళ్ళు చిమ్మే బొమ్మ పెట్టించారు. దానికి దోమలు వచ్చాయి, జనం రాలేదు. అప్పుడు వాస్తు సిద్ధాంతిని పిలిపించారు. ఆయన దిక్సూచి పట్టుకుని గుమ్మం నుంచి నా దాకా నడిచి, నా ముందు ఆగి తల పంకించారు. గుమ్మంలో అడుగుపెట్టిన లక్ష్మిని ఈ మెట్లు మోసుకెళ్ళి పైన వదిలేస్తున్నాయట. అక్కడి నుంచి ఆ తల్లి డాబా మీదికి, డాబా మీద నుంచి బైపాసుకి వెళ్ళిపోతోందట. మెట్లని పై నుంచి కిందికి నడిపిస్తే, దిగొచ్చిన లక్ష్మి గల్లాపెట్టె ముందు నిలుస్తుందని తేల్చారు. రంగనాయకులు గారికి ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ తోచనందుకు సిగ్గేసింది.

హనుమాయమ్మ మాత్రం ఆయన్ని గుమ్మంలో ఆపి అడిగింది. "లక్ష్మి దిగుద్ది, సరేనండి షావుకారు గారూ. ముందు ఎక్కాలి గదా?"

"అమ్మా, ఆయన శాస్త్రం చదివినాయన. నువ్వు జాకెట్టు ముక్కలు చూసుకో."

అలా నన్ను తలకిందులు చేశారు. ఇక పైకి రావాలంటే వెనక వైపు, మరుగుదొడ్ల పక్కన ఉన్న చీకటి మెట్లే దిక్కు. ఆ మెట్లెక్కి జాకెట్టు ముక్క కొనటానికి ఎవరొస్తారు? నేను పొద్దస్తమానం ఖాళీగా కిందికి దిగుతూ, ఎవరూ లేని చోటి నుంచి ఎవరినీ తీసుకురాకుండా తిరిగేవాణ్ణి. తిరగలి తిరుగుతుంటే పిండి పడకపోతే ఎలా ఉంటుందో అలాగ.

అలాగని నేను అసలేమీ దింపలేదని కాదు. కొట్లు దింపాను. చీరల కొట్టు బొమ్మలు దిగాయి, ఒంటిమీద చీరల్లేకుండా, చేతులు మాత్రం మర్యాదగా చాచి. టైలరు మిషను దిగింది. ఫోటో స్టూడియో వెనక తెర దిగింది. దాని మీద జలపాతం, హంసలు. ఒక్కొక్కళ్ళు దిగుతుంటే హనుమాయమ్మ పైన కమ్మీ పట్టుకుని నిలబడి చూసేది. చివరికి పై అంతస్తులో ఆమె షట్టరు ఒక్కటే లేచేది. ఆ పెద్ద హాల్లో అది చేసే చప్పుడుకి ఇప్పుడు ఆమెకే భయమేసేది. నిదానంగా ఎత్తేది.

అప్పుడు రంగం మీదికి వచ్చాడు రంగనాయకులు గారి అల్లుడు శ్రీహర్ష. వ్యాపారం చదువుకున్నవాడు. గొర్రెల మందలో ముందు గొర్రె ఎటు పోతే మిగతావి అటే పోతాయి కదా, అలా పెద్ద షోరూము ఒకటి పట్టుకొస్తే చిన్న కొట్లన్నీ వాటంతటవే వస్తాయని మామగారికి నచ్చజెప్పాడు. బట్టల షోరూము వాళ్ళతో మాట్లాడాడు. వాళ్ళ మనిషి చూడటానికి వస్తానన్నాడు. అయితే చోటు కంటే ముందు ఫుట్‌ఫాల్ చూస్తారట.

"అంటే ఏంది అల్లుడుగారూ?"

"జనం, మావయ్య గారూ. ఎన్ని కాళ్ళు లోపలికి వస్తున్నాయో చూస్తారు."

"కాళ్ళేగా. తెప్పిద్దాం."

ఆ మాటకి శ్రీహర్ష నవ్వాడు కానీ, మామగారు నవ్వలేదు. ఆయన నిద్రపోయి ఎన్నాళ్ళయిందో ఆ కళ్ళే చెప్పాయి. హనుమాయమ్మకి మాత్రం సంగతి తేల్చి చెప్పారు. షోరూము వస్తే నీ కొట్టు నీదే, రాకపోతే ఇదంతా పడగొట్టి ఫంక్షన్ హాలు కట్టుకుంటాను, అప్పుడు నా చేతిలో ఏమీ లేదని. ఆ పూట ఆమె షట్టరుకి పసుపు రాసి బొట్లు పెట్టింది.

మిరపకాయ కోతలకి ఆడకూలీలని తోలే మేస్త్రి దావీదు. పార్టీల మీటింగులకి జనాన్ని తోలేదీ అతనే. అతనికి కబురు వెళ్ళింది. షోరూము మనిషి వచ్చే రోజు పొద్దున్నే లారీలు దిగాయి. ఎన్నాళ్ళకో చూశాను అంతమందిని. సిద్ధాంతి గారు ఆ ఒక్క పూటకి లక్ష్మికి సెలవిచ్చారు, నన్ను మళ్ళీ పైకి నడిపారు. చెప్పులు విడిచి, కళ్ళకద్దుకుని ఎక్కారు. నా ఇనుముకి ప్రాణం లేచొచ్చిందంటే అతిశయోక్తి అనుకోకండి, ఇది మాత్రం నిజం.

చిక్కేమిటంటే, వాళ్ళకి మీటింగే తెలుసు. పైకెక్కినవాళ్ళు ఎక్కినట్టు వరసలు కట్టి నేలమీద కూర్చున్నారు. దావీదు పరుగెత్తుకొచ్చి, "లెగండమ్మా, ఇయ్యాల కూచునేది కాదు, తిరిగేది. కొనేవాళ్ళ లాగా తిరగాల" అని మొత్తుకున్నాడు. లేచారు. అంతలో గుమ్మంలో కారాగింది. తెల్లచొక్కా వేసుకున్న మనిషి దిగాడు, వెనక ఇద్దరు. తెల్లచొక్కా, వెనక ఇద్దరు. ఇక వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. హాలంతా ఒక్క గొంతుతో, మన నాయకుడు వర్ధిల్లాలి అని కేక వేసింది.

రంగనాయకులు గారు గోడకి ఆనుకున్నారు.

ఆ పెద్దమనిషి నా మీద ఎక్కేసరికి ఒక ముసలమ్మ గబగబా వచ్చి పక్క మెట్టు మీద నిలబడి చెయ్యి పట్టుకుంది. "ఉగాది నించి నా పింఛను ఆగిపోయింది నాయనా. నువ్వన్నా చూడు." నేను పైకి చేర్చేదాకా ఆయన ఆమె గోడు విన్నాడు. మంచివాడే. చూస్తానమ్మా అని కూడా అన్నాడు. ఏం చూస్తాడో ఆయనకే తెలియాలి.

అక్కడి నుంచి తిన్నగా తెరిచి ఉన్న ఆ ఒక్క కొట్టు దగ్గరికి నడిచాడు. రంగనాయకులు గారు వెనక నుంచి హనుమాయమ్మకి దణ్ణం పెడుతున్నట్టు చేతులు జోడించారు. బేరాలెలా ఉన్నాయని షోరూము మనిషి అడిగాడు. ఆమె జనం వైపు చూసింది, షావుకారు వైపు చూసింది, తన షట్టరు మీది బొట్ల వైపు చూసింది.

"ఇయ్యాల బానే ఉండాయి బాబూ," అంది.

ఇవాళ అన్న మాటలోనే నిన్నా రేపూ రెండూ ఆయనకి వినిపించాయి.

ఇంతలో కింద బిర్యానీ పొట్లాల వ్యాను వచ్చిందని ఎవరో అన్నారు. పైనున్న జనమంతా ఒక్కసారి నా మీదికి దూకారు. నేను పైకి పోతున్నాను, వాళ్ళు కిందికి పరిగెడుతున్నారు. ఎంత పరిగెత్తినా ఉన్నచోటే ఉన్నారు. తెల్లచొక్కా మనిషి పైన నిలబడి చూశాడు, నవ్వు ఆపుకున్నాడు. నా నడుములో ఏదో పుటుక్కుమంది. ఆగిపోయాను. అందరూ ఒక్కసారి ముందుకి తూలి, సర్దుకుని, దిగి పొట్లాలు తీసుకుని లారీలెక్కారు. జనం పోయాక ఆ పెద్దమనిషి నన్ను మామూలు మెట్లలాగా నడిచి దిగాడు.

షోరూము బైపాసులో కొత్త బస్టాండు ఎదురుగా వచ్చింది. శ్రీహర్ష ఆ కబురు ఫోనులో చెప్పాడు, మనిషి రాలేదు. నన్ను బాగుచేయించాలన్న మాట ఎవరూ ఎత్తలేదు.

పడగొట్టటానికి కూడా ముహూర్తం కావాలండీ మనకి. సిద్ధాంతి గారు పంచాంగం తిప్పి, ఆషాఢం శూన్యమాసం, గునపం వెయ్యటానికి పనికిరాదు, శ్రావణం రానివ్వమన్నారు. రంగనాయకులు గారు హనుమాయమ్మని ఈలోపే ఖాళీ చెయ్యమన్నారు. ఆమె షట్టరు దించి, కాసేపు దాని మీద చెయ్యి పెట్టి నిలబడి, మూటలు నా మీదుగా కిందికి మోసుకొచ్చింది. వాటితో ఎక్కడికి పోవాలో తెలియలేదు. నా మొదటి మెట్టు మీద కూలబడింది. ఒక మూట ముడి వీడి, ముక్కలు నా మెట్ల మీద జారాయి. పసుపు, చిలకాకుపచ్చ, వంకాయ రంగు. గుమ్మంలోంచి ఎండ వాటి మీద పడింది.

రోడ్డున పోతున్న ఒకామె ఆగింది. ఆ వంకాయ రంగు ముక్క ఎంతని అడిగింది.

మర్నాటికి నా మెట్లన్నిటి మీదా బొమ్మల కొలువు పెట్టినట్టు రంగు రంగు వరసలు. శ్రావణంలో పేరంటాళ్ళకి పెట్టటానికి ముక్కలు కావాలి, ఎండలో రంగు కళ్ళముందే తేలుతోంది, ఎక్కే పని లేదు. జనం వచ్చారు. ఎవరూ తోలకుండా వచ్చారు. నేను కదిలినన్నాళ్ళూ పైకి చేర్చలేనిది కదలకుండా పడుంటే వచ్చింది చూశారా.

రంగనాయకులు గారు ఒక రోజు వచ్చి చాలాసేపు చూశారు. "హనుమాయమ్మా, ఖాళీ చెయ్యమన్నానా లేదా?"

"చేశాను గదండీ. కొట్టు పైనుంది. ఇవి మెట్లు." గొంతు తగ్గించి అడిగింది. "వరలక్ష్మీ శుక్రవారం ఒక్కటి దాటనియ్యండి షావుకారు గారూ. ఈ సరుకంతా ఆ శుక్రవారానికే తెచ్చింది. అప్పు సరుకు."

ఆయన సిద్ధాంతి గారి దగ్గరికి మళ్ళీ వెళ్ళారు. పాపం, మనసున్న మనిషే. భాద్రపదం మళ్ళీ శూన్యమాసం, ఈ శ్రావణంలో ఉన్న ముహూర్తం ఒక్కటే, అది ఆ శుక్రవారం ముందు గురువారమని సిద్ధాంతి గారు తేల్చేశారు. రంగనాయకులు గారు ఆ మాట చెప్పటానికి వచ్చి, నా కమ్మీ పట్టుకుని నిలబడి, చెప్పి, తల దించుకుని వెళ్ళిపోయారు. ఈ లక్ష్మి దిగొచ్చి గుమ్మంలో కూర్చుంటే ఆయనకే కనపడలేదు.

ఇవాళ బుధవారం. పాత ఇనుము కొనే మనిషి వచ్చి నన్ను మూడు చోట్ల గుద్ది చూసి, లోపలంతా తుప్పేనన్నాడు. రొయ్య సంగతి వాడికేం తెలుసు. గుమ్మం ముందు పడగొట్టే బండి కూడా వచ్చి ఆగింది. దాని పక్కనుంచే ఆడవాళ్ళు దూరి వస్తున్నారు. హనుమాయమ్మకి నీళ్ళు తాగే తీరిక లేదు. సగం మెట్లు ఖాళీ అయ్యాయి, సగం ఇంకా నిండుగా ఉన్నాయి. మధ్యమధ్య కత్తెర ఆపి, వేళ్ళు విదిలించి, మళ్ళీ కత్తిరిస్తోంది.

ఇప్పుడే ఒక కొత్త కోడలు వచ్చింది. నా ముందు చెప్పులు విడిచింది. ఎందుకు విడిచిందో తెలియదు, రంగులు చూసి దేవుడి మెట్లనుకుందో ఏమో. ముదురాకుపచ్చ ముక్క తీసుకుని, కొంగు పక్కన పెట్టి ఎండలో చూసుకుని, అయినా మనసొప్పక అడిగింది.

"రంగు కుదరకపోతే రేపు తెచ్చి మార్చుకోవచ్చా అత్తా?"

హనుమాయమ్మ బండి వైపు చూడలేదు.

"తీసుకురా తల్లీ. నేనెక్కడికి పోతా?"

పొద్దుటి నుంచి మీకు చాలా అబద్ధాలు చెప్పాను. అంత పెద్దది ఒక్కటీ చెప్పలేకపోయాను. ఆ అమ్మాయి నమ్మింది, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది.