రెండో పెట్టె

ఇరవై ఏళ్లు పరాయి మొహాలకు గొంతు అరువిచ్చిన లీలాకుమారికి ఆఖరికి ఒక్క కొలువు మిగిలింది. ఎఫ్.ఎం.లో సాయంత్రం ఆరింటికి వచ్చే పాటల కార్యక్రమంలో పాటకూ పాటకూ మధ్య నాలుగు మాటలు చెప్పడం. డబ్బింగ్ పిలుపులు కుర్రపిల్లలకు వెళ్లిపోయాయి. నలభై దాటిన గొంతు హీరోయిన్‌కి నప్పదన్నారు. నలభై ఏం ఖర్మ, యాభై దాటిన హీరోలకు ఆ ముక్క చెప్పే మగాడు మాత్రం ఫిల్మ్ నగర్‌లో లేడు. ఆ గంట కార్యక్రమమే ఆమెకు బియ్యం, ఇంటి కిరాయి, నలుగురిలో మర్యాద.

అది తయారయ్యేది సూర్యప్రకాశరావు గారి స్టూడియోలో. తొంభై ఆరులో ఆయనకు స్టీరియో పిచ్చి పట్టింది. పాటను వెడల్పు చేసి గది నిండా పరిచే పెట్టెలు వచ్చాయని ఎవరో చెవిలో వేశారు. బొంబాయి నుంచి రెండు రకాలు తెప్పించి, ఏది కొనాలో తేల్చడానికి ఒక ఉదయం అందర్నీ సోఫాలో కూర్చోబెట్టారు. ఎదురుగా మనిషెత్తు స్పీకర్లు రెండు. ఒకే పాటను మొదటి పెట్టెలోంచి ఒకసారి, రెండో పెట్టెలోంచి ఒకసారి వినిపించారు. మొదటి దాంట్లో పాట పాటలాగే ఉంది. రెండో దాంట్లో వయొలిన్లు సోఫా వెనక్కి వెళ్లిపోయాయి, తబలా గోడ అవతల మోగింది. అందరూ మెడలు తిప్పి వెనక్కి చూశారు.

"రెండోదేనండీ, సందేహమే లేదు," అంది లీలాకుమారి అందరికంటే ముందు.

సౌండ్ ఇంజనీరు ఆనందకుమార్ ఒక్కడే నసిగాడు. "సార్, ఒకే స్పీకరున్న చిన్న రేడియోలో కూడా విని చూద్దామండీ. రెండు వైపుల శబ్దమూ అక్కడ ఒకటిగా కలిసేసరికి, ఈ పెట్టె చేసే మాయకి రెండు స్పీకర్ల మధ్యలోంచి వినిపించే మాట కరిగిపోవచ్చు."

"కొనే ఆయనకి లేని బాధ నీకెందుకు బాబూ? కందకు లేని దురద కత్తిపీటకెందుకని," అంది లీలాకుమారి.

సోఫా సోఫా అంతా నవ్వింది. ప్రకాశరావు గారైతే కళ్లు తుడుచుకున్నారు. ఆయన్ని నవ్వించడం కూడా ఆమె ఉద్యోగంలో ఒక భాగమే మరి. ఆనందకుమార్ వెళ్లి వైర్లు చుట్టుకున్నాడు. సోఫా మధ్యలో కూర్చుని రేడియో వినే మహానుభావులు ఊళ్లో ఎంతమంది ఉంటారన్నది అక్కడ ఒక్కరికీ తట్టలేదు. రెండో పెట్టె కొన్నారు.

పదిహేను రోజులు గడిచాయి. రహమత్ నగర్‌లో ఆమె అద్దెకున్న ఇంటి యజమానురాలు దేవమ్మ, వంకాయలు తరుగుతూ పక్కనున్న ట్రాన్సిస్టర్ చూపించింది.

"ఏందమ్మా, జర గట్టిగ మాట్లాడరాదు? పాట మంచిగనే వస్తుంది. నీ మాటే బాయిలకెల్లి వచ్చినట్టుంది."

లీలాకుమారి అక్కడే చతికిలబడి విన్నది. నిజమే. పాటలో పాడేవాళ్ల గొంతూ లోపలికి పోయింది గానీ, పాటలు అందరికీ కంఠతా వచ్చు కాబట్టి లేని దాన్ని చెవే పూరించుకుంటుంది. ఆమె చెప్పే మాటలు ఎవరికి కంఠతా వస్తాయి?

అప్పటికే కార్యక్రమానికి డబ్బు పెట్టే సబ్బుల కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. చెప్పే ఆవిడ గొంతులో పస లేదు, వయసు తెలిసిపోతోంది అని. మర్నాడు ఆమె దేవమ్మ ట్రాన్సిస్టర్ని సంచిలో వేసుకుని స్టూడియోకి వెళ్లి, ఆరింటిదాకా కూర్చుని, ప్రకాశరావు గారి బల్ల మీద పెట్టి వినిపించింది. ఆయన అర నిమిషం విని కట్టేశారు.

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందమ్మా నీ వరస. లక్షలు పోసిన పెట్టెది తప్పూ, నీ గొంతుది ఒప్పూనా? అయినా దాన్ని ఎంచింది నువ్వేగా."

మద్దెల నిజంగానే ఓడైనప్పుడు చెప్పుకోవడానికి మన పెద్దలు ఒక్క సామెతైనా మిగల్చలేదు. పక్కనే ఉన్న ఆనందకుమార్ నేల చూపులు చూస్తున్నాడు. నువ్వైనా చెప్పవయ్యా అని అడగడానికి ఆమెకు మొహం చెల్లలేదు.

ఒకటో తారీకు నుంచి ఆమె స్థానంలో కొత్తమ్మాయి అన్నారు. అంతకుముందు వారం రోజులు పక్కన కూర్చుని పని నేర్పమంటే, ఎక్కడ ఊపిరి తీయాలో, ఏ మాట దగ్గర నవ్వు వినిపించాలో అన్నీ నేర్పింది లీలాకుమారి. కడుపు మండుతూనే నేర్పింది.

నెల తర్వాత, డబ్బింగ్ పని కోసం ఫిల్మ్ నగర్ అంతా తిరిగి తిరిగి, ఆమె వీరయ్య టీ బండి దగ్గర ఆగింది. ఆనందకుమార్ అక్కడే టీ తాగుతున్నాడు. ఆరయింది. వీరయ్య చిన్న రేడియోలో కొత్తమ్మాయి మాట గంట కొట్టినట్టు వచ్చింది.

"పెట్టె మార్చారా బాబూ?"

"లేదు మేడం. మొదటిరోజు ఆ అమ్మాయి మాటా అలాగే పోయింది. ఏరికోరి తెచ్చుకున్న పిల్ల కదా, సార్ కంగారుపడి నన్నడిగారు. మాటను పెట్టెలోకి పోనివ్వకుండా విడిగా పంపుతున్నాను. పెట్టె పాటలకే."

"ఎంతసేపు పట్టింది?"

"ఒక్క వైరు మేడం. రెండు నిమిషాలు."

"నాకూ చెయ్యొచ్చుగా."

అతను గ్లాసు బండి మీద పెట్టాడు. "చెయ్యొచ్చు మేడం. చెబుదామనే అనుకున్నాను. మళ్లీ అందరూ నవ్వుతారేమో అనిపించింది."

చెడామడా తిట్టాలని నోరు తెరిచింది లీలాకుమారి. ఆ రోజు సోఫాలో అందర్నీ నవ్వించింది ఈ నోరే. అది గుర్తొచ్చాక తిట్టు బయటికి రాలేదు.

టీ అందిస్తూ వీరయ్య అన్నాడు. "అమ్మా, రేడియోల మాట్లాడేది మీరే గదా? నడుమ గొంతు ఖరాబైనట్టుండె. గిప్పుడు మస్తు ఇనవడుతుంది. నయమైందా?"

ఆనందకుమార్ ఏదో చెప్పబోతే ఆమె చెయ్యెత్తి ఆపింది.

"నయమైంది వీరయ్యా," అంది.