రికార్డులోంచి వెళ్ళిపోయిన పారమీషియం

డిగ్రీ బయాలజీ ల్యాబులో మంగళవారం, శుక్రవారం ప్రాక్టికల్స్. మైక్రోస్కోపులో చూసింది రికార్డులో పెన్సిలుతో గీసి, పక్కన భాగాల పేర్లు రాసి, మేడమ్ చేత సంతకం పెట్టించుకోవాలి. గీసిన బొమ్మలు సాయంత్రానికి కదలడం మొదలుపెడతాయి కాబట్టి, ఇంటికి వెళ్ళేముందు రికార్డుకి రబ్బరు బ్యాండు వేసి బీరువాలో పెట్టడం అక్కడి పద్ధతి. ఎవరైనా మరిచిపోతే, అటెండరు మర్నాడు బీరువా అడుగున పాకుతున్న అమీబాల్ని కాగితం మీదికి ఎక్కించుకుంటూ, "ఈ పిల్లలకి బొత్తిగా శ్రద్ధ లేదు" అని సణుక్కునేవాడు.

క్లాసులో అందరికన్నా చక్కగా గీసే పిల్లని బొమ్మలమ్మాయి అనేవాళ్ళు. పావుగంటలో బొమ్మ దించేసి, గోళ్ళు చూసుకుంటూ కూర్చునేది. ఆమె పక్క స్టూలు మీది పిల్లని నత్త అనేవాళ్ళు. ఒక్క స్లైడు ముందు గంటన్నర కూర్చుంటుంది, తీరా గీసేది వంకర టింకరగా. అందుకే ఆ పేరు.

పరీక్షలు ఇంకో మూడు వారాలున్నాయనగా, బొమ్మలమ్మాయి రికార్డు తెరిస్తే పారమీషియం పేజీలో పారమీషియం లేదు. భాగాల పేర్లున్నాయి, బాణం గుర్తులున్నాయి, అవి చూపించాల్సిన జీవి మాత్రం లేదు. పదహారు బొమ్మలూ ఉంటేనే పరీక్షకి కూర్చోనిస్తారు. లేకపోతే ఏడాది పోయినట్టే. పక్కకి తొంగిచూస్తే నత్త పేజీలో రెండు పారమీషియాలు ఈదుతున్నాయి. ఒకటి వంకరది. రెండోది ఎవరిదో చెప్పక్కర్లేదు.

'ఓహో, ఇదా సంగతి!' అనుకుంది.

ఇక ఆ రోజు నుంచి కళ్ళల్లో వత్తులేసుకుని కాపలా. నత్త రబ్బరు కోసం వంగితే తనూ వంగేది. నత్త చేతులు కడుక్కోవడానికి లేస్తే సంచీ తడిమి చూసేది. నత్త నవ్వితే దొంగనవ్వులా, నవ్వకపోతే తప్పు చేసిన మొహంలా కనిపించేది. రికార్డుకి రెండు రబ్బరు బ్యాండ్లు వేసింది, పైన దారం చుట్టి ఏడు ముళ్ళు వేసింది. అయినా శుక్రవారం హైడ్రా పోయింది, మంగళవారం ఉల్లి వేరు పోయింది. ముళ్ళు వేసినవి వేసినట్టే ఉన్నాయి. నంగనాచి, విప్పి మళ్ళీ అచ్చం అలాగే కట్టిందని తేల్చేసింది.

"నా హైడ్రా నీ దగ్గరెందుకుందే?"

"నాకేం తెలుసు? పొద్దున్న తెరిస్తే ఉంది. కావాలంటే తీసుకెళ్ళు."

"దానికి నీ రికార్డు అడ్రసు ఎవరిచ్చారు?"

నత్త మళ్ళీ మైక్రోస్కోపులోకి తల దూర్చింది. దాంతో అనుమానం కాస్తా నిశ్చయమైపోయి, బొమ్మలమ్మాయి నేరుగా మేడమ్ దగ్గరికి వెళ్ళి చెప్పేసింది.

దొంగతనం రుజువైతే పరీక్ష జాబితాలో పేరు ఉండదు. మేడమ్ ఇద్దరి రికార్డులూ పట్టపగలు బల్లమీద తెరిచిపెట్టింది. క్లాసంతా చుట్టూ మూగింది. కాసేపటికి బొమ్మలమ్మాయి అమీబా పేజీ అంచు దిగి, బల్ల మీద సాగుతూ సాగుతూ వెళ్ళి నత్త పేజీ ఎక్కింది. ఎవరూ వేలు పెట్టలేదు.

"చూసిన కంటి దగ్గరికి పోతాయమ్మా అవి," అన్నాడు అటెండరు, రోజూ ఉండే విషయం చెప్పినట్టు.

మేడమ్ కళ్ళద్దాలు సర్దుకుని బొమ్మలమ్మాయిని అడిగింది. "అమీబా గీసిన రోజు నీటిచుక్కలో ఏం చూశావు?"

బొమ్మలమ్మాయి కేంద్రకం దగ్గర్నుంచి గడగడా అప్పజెప్పింది. మేడమ్ నత్తనీ అదే అడిగింది.

"నాకు అమీబా ఆలస్యంగా దొరికింది మేడమ్. ముందు గాలిబుడగని చూసి, అదే జీవి అనుకుని, గంటసేపు దాన్నే గీశాను."

క్లాసు గొల్లుమంది. మేడమ్ మాత్రం నవ్వలేదు. బొమ్మలమ్మాయి వైపు తిరిగి, "నీవి ఎక్కడివి?" అంది.

"మా అక్క రికార్డులోవి," అంది తల వంచుకుని. తల తీసేసినట్టయింది.

అందరూ వెళ్ళిపోయాక నత్త ఒక్కతే ఆగింది. దొంగ అన్నందుకు తిడుతుందేమోనని బొమ్మలమ్మాయి బిక్కుబిక్కుమంటూ నిలబడింది.

"అంత బాగా గీస్తావు కదా, ఎందుకే కాపీ?"

"మొదటి ఏడాది చూశాను. నల్లటి వెంట్రుకలు తప్ప ఇంకేం కనబడలేదు. అందరూ కనిపించింది, కనిపించింది అంటున్నారు. నా కళ్ళే పనికిరావేమో అనుకుని భయమేసింది."

"పిచ్చిమొహమా! అవి నీ కనురెప్పల వెంట్రుకలు. మొదట్లో చాలామందికి అవే కనిపిస్తాయి. ఇలా రా, కొంచెం వెనక్కి జరిగి చూడు."

బొమ్మలమ్మాయి చూసింది. మెడ నొప్పెట్టేదాకా చూసింది. మసకగా, అంచు చిరిగినట్టు ఏదో కదిలింది. గీస్తే నత్త బొమ్మలకన్నా వంకరగా వచ్చింది. సాయంత్రం రబ్బరు బ్యాండు వేసింది, పొద్దున్నే పరిగెత్తుకొచ్చి తీసింది. పేజీ మధ్యలో అది నింపాదిగా తిరుగుతోంది.

మిగిలిన ఆ కొద్ది రోజుల్లో తొమ్మిది బొమ్మలకన్నా ఎక్కువ కాలేదు. మేడమ్ సంతకం పెట్టలేదు. నత్త పరీక్ష రాసి వెళ్ళిపోయింది, బొమ్మలమ్మాయి జూనియర్ల పక్కన మళ్ళీ అదే స్టూలు మీద కూర్చుంది. ఏడ్చింది కూడా. అయితే ఆ తొమ్మిదింట్లో ఒక్కటి కూడా ఆమెని విడిచి వెళ్ళలేదు.