దేవరాజులు తిని చూపించిన ముక్క

పుత్తూరు దాటాక రోడ్డు పక్కనే దేవరాజులు కోల్డ్ స్టోరేజీ ఉంది. చేపలని చెప్పి చెన్నై నుంచి తెప్పించిన పెట్టెలు విప్పితే అందులో పంది మాంసం బయటపడింది. అట్టల మీద ఏదో పరాయి దేశపు లిపి ఉంది. ఎక్కడి పందులో, ఏ రోగంతో పోయినవో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. పశువుల డాక్టరు లోహిత గదికి సీలు వేయించి, సరుకంతా గుంత తీసి పూడ్చాల్సిందేనని తేల్చేసింది.

పై అధికారి ఫోన్ చేసి మొదట బుజ్జగించాడు, తర్వాత కసిరాడు. జిల్లాలో ఒక్క పందికైనా మాంసంతో పాకే ఆ పందుల జ్వరం వచ్చిందా, రానిదానికి ఇంత రాద్ధాంతమెందుకు, రిపోర్టులో ముప్పు తక్కువని రాసి పారేయమన్నాడు. లోహితకు ఒళ్లు మండింది. ఆ జ్వరం వచ్చిందంటే మందు లేదు, మన దగ్గర టీకా లేదు, దొడ్లకు దొడ్లే ఖాళీ అవుతాయి. వచ్చాక రాయడానికైతే డాక్టరెందుకు, గుంతలు తవ్వేవాళ్లు చాలని అనేసింది. అంత మాట అన్నందుకు ఆమెకేమీ బాధ కలగలేదు.

దేవరాజులు మాత్రం తక్కువవాడా? సీలు పడకముందే తీసిపెట్టుకున్న ముక్కను వేయించుకొచ్చి, గుమిగూడిన జనం ముందు నమిలి మింగి మీసం తుడుచుకున్నాడు.

"నేను తిన్నా. నాకేమైనా అయినాదా? మనిషికి కానిది పందికేమవుతాదంట?"

జనం నవ్వారు. లోహితకు కోపం తెప్పించింది అందులో ఉన్న సగం నిజమే. ఆ రోగం మనుషులను ఏమీ చేయదు. పచ్చి మాంసం తరుగు పంది నోట్లో పడితేనే చిక్కంతా. ఆ తరుగు ఎక్కడికి పోతోందని ఆమె అడుగుతుండగానే, వెనక వాకిట్లోంచి సంతోషమ్మ బకెట్ మోసుకుంటూ వచ్చింది.

సంతోషమ్మది పక్కనున్న చర్చి వీధి. నాలుగు తల్లి పందుల మీదే ఆమె ఇల్లు గడుస్తోంది. రోజూ ఇక్కడి తరుగే వాటికి మేత. ఈ పొద్దు నింపిన బకెట్‌ను సీలు వేసినవాళ్లు బయటికి పోనివ్వలేదని తగువుకే వచ్చింది. తన పందుల నోట్లో మన్ను కొట్టొద్దని లోహితను నిలదీసింది. లోహిత ఆమెతో వాదించలేదు. దేవరాజులు వైపు తిరిగింది.

"గోడ వెనకున్న పందుల దొడ్డి మీదే కదా? మీ పందులకేం పెడతారు?"

సంచుల దాణా అన్నాడు. ఈ తరుగు పెట్టరా అంటే, తన పందులు ఇట్లాంటివి ముట్టవన్నాడు.

సంతోషమ్మ అతని ముఖంలోకి చూసింది.

"ముట్టని పంది యాడుండాది అన్నా?"

అంటూనే బకెట్ ఎత్తుకుని దొడ్డి గేటు వైపు విసవిసా నడిచింది. లోహిత ఆగమంటూ పరుగెత్తింది గానీ, దేవరాజులు ఆమెకన్నా ముందే ఉరికాడు. అంత ఒళ్లు వేసుకుని అంత వేగం ఎలా వచ్చిందో. గేటుకు అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు.

ఇప్పుడెవరూ నవ్వలేదు. లోహిత చేయాల్సిన లెక్కంతా అతనే తేల్చి పెట్టాడు. రిపోర్టులో ముప్పు ఎక్కువని రాయడానికి ఇక ఆమె ఎవరినీ అడగాల్సిన పని లేదు.

"తెలిసే ఇచ్చినావు గదా," అంది సంతోషమ్మ. గొంతు పెంచలేదు. "నీ పందులే పందులు, నావి కాదు."

దేవరాజులు తల దించుకున్నాడు గానీ, చాపిన చేతులు మాత్రం దించలేదు.

సంతోషమ్మ వెనక్కి తిరిగింది. సరుకు పూడ్చడానికి తవ్వుతున్న గుంత దగ్గరికి వచ్చి తొంగి చూసి, ఇంకా లోతుగా తవ్వమని కూలీలకు చెప్పింది. వాళ్లు తవ్వినంతసేపూ అక్కడే నిలబడి, అందరికన్నా ముందు తన బకెట్ అందులో కుమ్మరించింది.